కన్యాశుల్కం పాత్రలతో పేక: ఎవరికి ఏ ముక్క? పెట్టె మీద ఏ పేరు?

కోటగుమ్మం

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. పుస్తకాలకి అట్టలు, లోపలి బొమ్మలు వేస్తుంటాను. చాన్నాళ్లుగా మనసులో ఉన్న పని ఇప్పుడు మొదలుపెట్టాను: కన్యాశుల్కం పాత్రలతో పూర్తి పేక. 52 ముక్కలు, రెండు జోకర్లు. అద్దాల బీరువాలో దాచుకునేది కాదు. సంక్రాంతికి ఇంటికొచ్చిన చుట్టాలు చాప మీద కూర్చుని ఆడుకునే పేక కావాలి.

పేకలో నాలుగు రంగులు, నాటకంలో నాలుగు ఊళ్లు. నా ఆలోచన అక్కడ మొదలైంది. విజయనగరం కళావరు, కృష్ణరాయపురం అగ్రహారం ఆఠీను, రామచంద్రపురం అగ్రహారం ఇస్పేటు, విశాఖపట్నం డైమన్. రాజు, రాణి, జాకీ ఏ ఊరి వాళ్లు ఆ రంగులో.

ఇస్పేటు ఇట్టే కుదిరింది: రాజు లుబ్ధావధానులు, రాణి మీనాక్షి, జాకీ రామప్పంతులు. ఆఠీనులో అగ్నిహోత్రావధానులు రాజు, వెంకటేశం జాకీ. రాణి వెంకమ్మా, బుచ్చమ్మా అన్నది తేలలేదు. విశాఖపట్నానికి సౌజన్యారావు పంతులు రాజు. అక్కడ రాణి లేదు. విజయనగరానికి రాజు లేడు. ఇక మధురవాణి మూడు ఊళ్లలోనూ కనిపిస్తుంది, ఏ రంగులో పెట్టినా మిగతా రెండు ఊళ్లకీ అన్యాయం చేసినట్టే ఉంది.

పేరు కూడా తేలలేదు. "కన్యాశుల్కం పేక" అంటే సరిపోతుందా? మీరంతా ఏమంటారు?

పదమూడుముక్కలు

అన్నా, ఆలోచన అదిరింది. నేను సాహిత్యం వాణ్ని కాదు, రమ్మీ వాణ్ని. బొమ్మల గురించి మాట్లాడే ముందు ఒక్క సంగతి చెబుతాను. పదమూడు ముక్కలు చేతిలో విప్పి పట్టుకుంటే ఆటగాడికి కనిపించేది ప్రతి ముక్కలో ఎడమ మూల మాత్రమే. మీరు గిరీశం మొహం ఎంత బాగా గీసినా ఆడేటప్పుడు అది పక్క ముక్క వెనకాలే ఉంటుంది. కాబట్టి మూలలో అంకె, దాని కింద రంగు గుర్తు స్పష్టంగా, పెద్దగా ఉండాలి. ఆ మూలలోకి బొమ్మ తాలూకు తలపాగా కొస గానీ ఉత్తరీయం గానీ రాకూడదు.

పోయినేడాది ఎవరో పురాణాల పేక కానుకగా ఇచ్చారు. చూడ్డానికి చాలా బాగుంది. పది నిమిషాలు ఆడేసరికి అందరికీ తలనొప్పి. ఇస్పేటుకీ కళావరుకీ ఒకటే బంగారు రంగు వేశారు. దాన్ని పక్కన పడేసి పాత పేక తీశాం.

కోటగుమ్మం

తమ్ముడూ, నాకు కావలసిన మాట ఇదే. మూలలో తెలుగు అక్షరాలు, తెలుగు అంకెలు వేద్దామనుకుంటున్నాను. ఆడేవాళ్లకి ఇబ్బందా?

పదమూడుముక్కలు

ఇబ్బందే అన్నా. రాజుకీ రాణికీ మొదటి అక్షరం "రా"నే కదా. మూలలో రెండింటికీ "రా" అని వేస్తే ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అంకెలు చూస్తే ౨, ౩ చిన్న సైజులో ఒకేలా ఉంటాయి. ౭ని గుర్తుపట్టలేని వాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. అందరికీ అలవాటైన ఇంగ్లిష్ కె, క్యూ, జె, ఎ ఉంచేయండి, అంకెలు కూడా మామూలువే. తెలుగు ఎక్కడ వేసినా పర్లేదు, మూలల జోలికి మాత్రం వెళ్లొద్దు.

తాళపత్రం

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. కోటగుమ్మం గారూ, ఊళ్లని రంగులుగా తీసుకోవడం చాలా మంచి ఆలోచన, దాన్ని వదలకండి. ఒక మనవి: 1909 నాటి రెండో కూర్పునే ప్రమాణంగా పెట్టుకోండి. నాటకం మొదట 1892లో విజయనగరంలోనే ఆడారు, 1897లో అచ్చయింది. ఈ రోజు మనం చదువుకునేది, మన నోళ్లలో నానేది గురజాడ బాగా పెంచి తిరగరాసిన రెండో కూర్పే. మధురవాణికి ఇంత విస్తృతి వచ్చింది కూడా అందులోనే.

విజయనగరానికి రాజు కరటకశాస్త్రి. మహారాజావారి నాటక కంపెనీలో విదూషకుడాయన. అగ్నిహోత్రావధానులు చిన్నకూతురు సుబ్బికి ముసలి లుబ్ధావధానులతో పెళ్లి తప్పించడానికి పథకం వేసింది ఆయనే, శిష్యుడికి ఆడవేషం వేసింది ఆయనే. విజయనగరంలో ఉంటూ మిగతా ఊళ్ల కథ నడిపిస్తాడు. అంతకంటే రాజరికం ఏం కావాలి?

గిరీశం అదే రంగులో జాకీ. చాలామంది ఆయన్ని రాజుని చెయ్యమంటారు, ఒప్పుకోకండి. కళావరు రాణి పూటకూళ్లమ్మ అయితే కళావరు జాకీ గిరీశం. మధురవాణి ఇంట్లో చీపురు పట్టుకుని పూటకూళ్లమ్మ వచ్చేసరికి గిరీశం మంచం కింద దూరతాడు. పేకలోనూ రాణి ముందు జాకీ ఓడిపోతాడు. ముక్క విలువ కథని చెప్పాలి. బొమ్మ ఎంత బాగున్నా విలువ తప్పితే ఆ పాత్ర తప్పినట్టే.

రంగస్థలం

మాస్టారి మాటకి నా ఓటు. నేను ఔత్సాహిక నాటకాల్లో రామప్పంతులు వేషం వేశాను. ఇస్పేటులో రామప్పంతులు జాకీ, మీనాక్షి రాణి అన్నారు కదా, అక్కడ కూడా ఇదే కుదురుతుంది. పంతులు ఊరందరినీ ఆడించగలననుకుంటాడు గానీ మీనాక్షి నిలదీస్తే నీళ్లు నములుతాడు. ఆఠీనులో వెంకమ్మని రాణి చేస్తే వెంకటేశం ఆవిడ కొడుకే. మూడు రంగుల్లో జాకీ రాణి చెయ్యి కింద ఉన్నట్టే.

అట్లాంటా_అక్క

నాకు ఒక అభ్యంతరం ఉంది. మధురవాణి రాణి కాకపోతే ఈ పేక ఎందుకు? నాటకంలో అందరికంటే తెలివైన మనిషి, మనసున్న మనిషి. ఆమెని పక్కనపెట్టి వెంకమ్మకి, పూటకూళ్లమ్మకి రాణి పదవి ఇస్తారా? విశాఖపట్నంలో రాణి లేదంటున్నారు కదా, చివరి అంకంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి మొత్తం చిక్కుముడి విప్పేది మధురవాణే. డైమన్ రాణి ఆమే.

తాళపత్రం

అక్కా, మీ బాధ నాకూ ఉంది. కానీ ఒక్కసారి ఇలా చూడండి. రాణి అంటే ఒక రంగుకి కట్టుబడిన ముక్క. ఆ రంగులో రాజు కింద ఉంటుంది. మధురవాణి ఎవరి కింద ఉంది? గిరీశాన్ని వదిలేసింది, రామప్పంతులుతో వెళ్లింది, ఆయన్నీ వీధిలో నిలబెట్టింది. ఆమెని సౌజన్యారావు రంగులో ఆయన తర్వాతి స్థానంలో కూర్చోబెడితే నాటకం చెప్పిందానికి ఎదురు చెప్పినట్టవుతుంది. చివరికి ఆయనకే పాఠం చెప్పి వెళ్లిన మనిషి ఆమె.

అట్లాంటా_అక్క

అయితే ఎక్కడ పెడతారు? ఆసు చేస్తారా?

పదమూడుముక్కలు

జోకర్ చెయ్యండక్కా.

అట్లాంటా_అక్క

జోకర్ అంటే బఫూన్ కదా తమ్ముడూ. మధురవాణిని బఫూన్ చెయ్యమంటావా?

పదమూడుముక్కలు

అక్కా, రమ్మీ ఆడేవాణ్ని అడగండి, చేతిలో జోకర్ పడితే మొహం ఎలా వెలిగిపోతుందో. ఏ ముక్క లేకపోతే దాని బదులు అది నిలబడుతుంది. ఏ రంగులోనైనా కలుస్తుంది, ఏ రంగుకీ చెందదు. అది లేనిదే ఆట తేలడం కష్టం. మీరు చెప్పిన మధురవాణి అదే కదా?

రంగస్థలం

ఇక్కడ ఒకటి గుర్తుచేస్తాను. సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి వచ్చింది మగవేషంలో. వేశ్యల మొహం చూడనని పట్టుబట్టిన పెద్దమనిషి ఇంట్లోకి ఆమె అడుగుపెట్టడానికి అదొక్కటే దారి. రెండో జోకర్ ఎవరో ఇప్పుడు మీరే చెప్పండి. కరటకశాస్త్రి శిష్యుడు మహేశం! ఆడవేషం వేసుకుని పెళ్లికూతురై లుబ్ధావధానులు ఇంట్లో కూర్చున్నవాడు. రాణి లేనిచోట రాణి బదులు నిలబడిన ముక్క. మగవేషంలో ఆడమనిషి ఒక జోకర్, ఆడవేషంలో మగపిల్లాడు ఇంకో జోకర్. ఇద్దరూ కలిసే ఆ పెళ్లి కథని తలకిందులు చేశారు.

కోటగుమ్మం

రంగస్థలం గారూ! ఇది చదివి లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. బొమ్మ ముక్కలన్నీ పైన ఒక తల, కింద తిరగేసిన అదే తల ఉంటాయి కదా. జోకర్లకి మాత్రం రెండు సగాలూ వేరు చేస్తాను. మధురవాణి పైసగంలో చీర, నగలు. తిప్పితే తలపాగా, కోటు. మహేశం పైసగంలో పిలక, భుజం మీద కండువా. తిప్పితే తల వంచుకున్న పెళ్లికూతురు, మెడలో కంటె. ముక్కని ఎటు పట్టుకుంటే అటు మనిషి మారిపోతాడు. ఈ పని పేకముక్క మీద తప్ప ఇంకెక్కడా కుదరదు.

అట్లాంటా అక్కగారూ, మీరు ఒప్పుకుంటేనే.

అట్లాంటా_అక్క

ఒప్పుకున్నాను. ఒక షరతు. జోకర్ అనే మాట ముక్క మీద రాయొద్దు. ఒక దాని మీద "మధురవాణి", ఇంకోదాని మీద "మహేశం" అని చాలు.

నిర్మల్_చెక్క

ఆలస్యంగా చేరాను. మా వైపు నిర్మల్ చిత్రకారులు ఒకప్పుడు గంజీఫా అనే పాతకాలపు పేకముక్కలు వేసేవారు. గుండ్రటి ముక్కలు. దశావతార గంజీఫా అయితే అవతారానికి ఒక రంగు చొప్పున పది రంగులు, రంగుకి పన్నెండు, మొత్తం 120 ముక్కలు. రంగుకి రాజు, మంత్రి, తర్వాత ఒకటి నుంచి పది. రాణి ఉండదు. పశ్చిమ బెంగాల్ బిష్ణుపూర్‌లో, మహారాష్ట్ర సావంత్‌వాడిలో, ఒడిశాలో ఈ ముక్కలు ఇప్పటికీ చేతితో వేసేవాళ్లున్నారు. ఒడిశాలో రామాయణం బొమ్మలతోనూ వేస్తారు. అంటే కథని పేకలో పెట్టడం మనకి పాత అలవాటే. గుండ్రంగా ఆలోచించకూడదూ?

పదమూడుముక్కలు

గుండ్రటి ముక్కల్ని చేత్తో విప్పి పట్టుకోవడం కష్టం కదన్నా. కలపడం ఇంకా కష్టం.

నిర్మల్_చెక్క

నిజమే. ఆకారం వదిలేద్దాం. వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. గంజీఫా ముక్కలో నేపథ్యం ఒకే రంగు, నిండుగా ఉంటుంది. రంగు చూసి ఏ జట్టో చెప్పేయొచ్చు. మనిషి బొమ్మ నాలుగైదు గీతల్లో తేలిపోతుంది. అంగుళాల్లో ఉండే ముక్క మీద అగ్రహారం మొత్తం గియ్యాలని చూడకండి. లుబ్ధావధానుల వెనక ఇల్లు, ఇంటి వెనక కొబ్బరిచెట్టు వేశారంటే చిన్నదయ్యాక అంతా మచ్చలా మిగులుతుంది.

అట్లాంటా_అక్క

బయట కూడా ఈ అలవాటు ఉంది. ఫ్రెంచి పేకలో బొమ్మ ముక్కలకి పేర్లుంటాయి. కళావరు జాకీ లాన్సెలాట్, డైమన్ జాకీ హెక్టర్, ఇస్పేటు రాణి పల్లాస్. ముక్క మీద ఓ పక్కన చిన్న అక్షరాల్లో పేరు అచ్చేస్తారు. తెలుగు పేర్లు మీరు అలా వేస్తే బావుంటుంది, మూలల జోలికి పోకుండానే తెలుగు వస్తుంది.

కాపీహక్కు

వృత్తిరీత్యా వకీలుని. హక్కుల సంగతి ముందే చూసుకోండి. మన చట్టంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, కాబట్టి నాటకం మీద ఎవరి అనుమతీ అక్కర్లేదు. మాటలూ వాడుకోవచ్చు.

జాగ్రత్త పడవలసింది బొమ్మల దగ్గర. ఈ పాత్రలకి ఇంతకుముందు ఇతరులు వేసిన బొమ్మల నుంచి గీతలు ఎత్తకండి. ఉదాహరణకి బాపు గారు 2014లో పోయారు, ఆయన బొమ్మల మీద హక్కులు 2074 చివరి దాకా ఉంటాయి. అలాగే 1955 సినిమాలో గిరీశంగా ఎన్టీ రామారావు, మధురవాణిగా సావిత్రి జనం కళ్లలో నిలిచిపోయారు. తెలియకుండానే ఆ మొహాలు మీ గీతలోకి వచ్చేస్తాయి. అమ్మకానికి పెట్టే వస్తువు మీద నటుల పోలికలు వద్దు. మీ మొహాలు మీరే కట్టండి.

రేపు ఇదే వరసలో బారిస్టర్ పార్వతీశం పేక చేద్దామనుకుంటే ఆగాల్సిందే. అది రాసిన మొక్కపాటి వారు 1973లో పోయారు, 2033 చివరి దాకా హక్కులున్నాయి.

కోటగుమ్మం

చాలా మేలు చేశారు సార్. సినిమా బొమ్మలు చూడకుండానే మొదలుపెట్టాను, ఇకపైనా చూడను.

రాణుల బట్టల గురించి తాళపత్రం గారిని అడగాలి. పేక అనగానే రాణికి కిరీటం, నగలు, పువ్వు అలవాటు. నాకేమో చెయ్యి అటు పోవడం లేదు.

తాళపత్రం

మీ చెయ్యి సరైన దారిలోనే ఉంది. మీ రాణుల్ని ఒక వరసలో పెట్టి చూడండి. కళావరు పూటకూళ్లమ్మ, ఇస్పేటు మీనాక్షి. డైమన్‌కి బుచ్చమ్మని తీసుకోమంటాను, ఎందుకో తర్వాత చెబుతాను. ముగ్గురూ వితంతువులు. నలుగురు రాణుల్లో ముగ్గురికి బొట్టు లేదు, గాజుల్లేవు, పువ్వుల్లేవు. వెంకమ్మ ఒక్కతే ముత్తైదువ. ముసలాళ్లకి పసిపిల్లల్ని కట్టబెడితే ఏమవుతుందో చెప్పడానికే గురజాడ ఈ నాటకం రాశారు. మీ పేకలో రాణులు నలుగుర్నీ పక్కపక్కన పెట్టినవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలియాలి. వాళ్లకి నగలు తొడిగితే నాటకాన్ని చెరిపేసినట్టే.

మరి రాణి అని ఎలా తెలియాలంటే, చేతిలో వస్తువుతో. పూటకూళ్లమ్మకి చీపురు. మీనాక్షికి తండ్రి ఇంటి తాళాల గుత్తి. బుచ్చమ్మకి చంకలో బట్టల మూట. గిరీశంతో లేచిపోయి విశాఖపట్నం చేరిన పిల్ల, చివరికి సౌజన్యారావు ఆమెని పూనాలో వితంతువుల ఆశ్రమానికి పంపించి చదివించాలంటాడు. అందుకే ఆమె డైమన్ రాణి. పుట్టింది కృష్ణరాయపురంలోనే అయినా ఆమెకి తలుపు తెరుచుకుంది విశాఖపట్నంలో. ఆఠీను రాణి వెంకమ్మ, చేతిలో ఏమీ వద్దు. ఆ ఇంట్లో ఆవిడ మాట చెల్లదు. మొగుడు రాజు, ఆవిడ మీద ముక్క.

రంగస్థలం

మాస్టారూ, ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

డైమన్ జాకీకి వకీలు నాయుడు సరిపోతాడు. కోర్టు ఊరికి అలాంటివాడు ఉండాలి. ఇక ఆసులు మనుషులు కాకుండా వస్తువులు అయితే ఎలా ఉంటుంది? కళావరు ఆసు గిరీశం చుట్ట. ఆఠీను ఆసు అగ్నిహోత్రావధానులు దావా కాగితాల కట్ట. డైమన్ ఆసు సౌజన్యారావు మధురవాణికి ఇచ్చిన భగవద్గీత. ఇస్పేటు ఆసు కంటె.

తాళపత్రం

కంటె ఇస్పేటు ఆసు కావడం ఎంత బాగా కుదిరిందో! మధురవాణి దగ్గర కంటె ఎరువు తెచ్చి దొంగ పెళ్లికూతురి మెడలో వేయించింది రామప్పంతులు. ఆ పెళ్లికూతురు కంటెతో సహా మాయమైపోయాక ఆయన బతుకు నడివీధిలో పడింది. ఇస్పేటు జాకీ ఇస్పేటు ఆసు కోసం పరుగులు పెట్టడమే సగం నాటకం.

కోటగుమ్మం

ఇస్పేటు ఆసు మామూలుగానే పేకలో అన్నిటికంటే అలంకారంగా ఉండే ముక్క. ఇంగ్లాండులో పేక మీద పన్ను కట్టినట్టు ముద్ర ఆ ముక్క మీదే వేసేవారని, ఆ పన్ను 1960లో గానీ పోలేదని చదివాను. ఆ అలవాటు కొద్దీ ఇప్పటికీ కంపెనీ పేరు దాని మీదే ఉంటుంది. నేను కంటెని గుండ్రంగా చుట్టి మధ్యలో నల్లటి ఇస్పేటు గుర్తు పెడతాను. కంటె లోపలి అంచున పేక పేరు. అందుకే పేరు తొందరగా తేలాలి.

ప్రెస్సు_పక్కవీధి

అచ్చు పని నాది. మీ చర్చ మొత్తం చదివాను, నా వంతు నాలుగు మాటలు.

సైజు: పోకర్ సైజు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 పొడవు. బ్రిడ్జి సైజు 57 వెడల్పు, 89 పొడవు. పదమూడు ముక్కలు పట్టుకునే ఆటకి సన్నటి బ్రిడ్జి సైజు చేతికి హాయి. బొమ్మ కోసం పోకర్ సైజు అడగబుద్ధేస్తుంది, ఆలోచించుకోండి.

కాగితం: శుభలేఖలకి వాడే ఆర్ట్ కార్డు వద్దు. బల్బు కింద పట్టుకుంటే అవతలి పక్క కనిపిస్తుంది, నాలుగు ఆటలకే మూలలు పొరలు లేస్తాయి. మధ్యలో నల్లటి పొర ఉన్న 300 నుంచి 310 జిఎస్‌ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) పేక బోర్డు అడగండి. ధర ఎక్కువే. ఒక ప్రెస్సులో ఖర్చు తగ్గుతుందని మామూలు బోర్డు మీద అచ్చేసిన పేకలు చూశాను, తెచ్చుకున్నాయన ఒక్కటీ అమ్మలేకపోయాడు.

ఇంకో మంచి మాట. షీటు మీద సాధారణంగా 56 గళ్లు పడతాయి. మీకు 54 చాలు. మిగిలిన రెండు ముక్కలు డబ్బు లేకుండా వచ్చినట్టే.

అట్లాంటా_అక్క

ఆ రెండూ నాకివ్వండి! ఒక దాని మీద నాలుగు ఊళ్ల పటం, ఏ ఊరికి ఏ రంగో. ఇంకోదాని మీద పాత్రల చుట్టరికాలు. ఇక్కడి పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చినా నాటకం తెలియదు. వెంకమ్మ అన్నదమ్ముడే కరటకశాస్త్రి అని, లుబ్ధావధానులకి చుట్టమే గిరీశం అని తెలిస్తే వాళ్లంతట వాళ్లే కథ అడుగుతారు.

పదమూడుముక్కలు

2 నుంచి 10 దాకా 36 ముక్కలున్నాయి. వాటి మీద ఏం వేస్తారు? దయచేసి ఏమీ వెయ్యకండి.

కోటగుమ్మం

గుర్తులే. పోలిశెట్టినీ బైరాగినీ హెడ్డు కనిస్టీబునీ ఎక్కడైనా పెట్టాలని చెయ్యి పీకింది గానీ, ఆట చెడుతుందంటే పెట్టను. గుర్తుల ఆకారం కొంచెం మారుస్తాను, ఇస్పేటు కొన తమలపాకులా ఉంటుంది. దూరం నుంచి చూసినా ఇస్పేటులాగే కనిపించాలి, అంతవరకే.

వెనకవైపు గురించి. చాలామంది కలంకారీ వెయ్యమన్నారు. కలంకారీ శ్రీకాళహస్తిది, మచిలీపట్నంది. విజయనగరం నాటకానికి దాన్ని అద్దడం నాకు ఇష్టం లేదు. అగ్రహారం వాకిట్లో ఉండేది చుక్కల ముగ్గు. అదే వేస్తాను.

పదమూడుముక్కలు

సూపర్. ముగ్గు తలకిందులు చేసినా అలాగే ఉంటుంది, అది ముఖ్యం. వెనకవైపు పైకీ కిందకీ తేడా ఉంటే ముక్కని తిప్పి పెట్టుకుని గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. పందెం లేని ఆటలో కూడా గొడవలైపోతాయి.

తాళపత్రం

పేకాట అనగానే వ్యసనం కదా, గురజాడ నాటకానికి అది తగునా అని మా కాలేజీలో ఒకరిద్దరు అడిగారు. నాటకంలోనే రామప్పంతులు ఇంట్లో మధురవాణి పేకాడే రంగం ఉంది. గురజాడ తన చుట్టూ ఉన్న జీవితాన్ని దాచలేదు. పందెం లేకుండా నలుగురు కూర్చుని ఆడుకుంటూ ఆ పేర్లు పలికితే అదే పదివేలు. "మీనాక్షిని దించు", "మహేశం పడ్డాడు" అనుకుంటూ ఆడే ఇంట్లో ఎవరో ఒకరు పుస్తకం తెరవకుండా ఉంటారా?

రంగస్థలం

పేరుకి వద్దాం. నావి మూడు: "మధురవాణి పేక", "కంటె", "అడ్డం తిరిగిన కథ". మూడోది గిరీశం ఆఖరి మాట మీద.

అట్లాంటా_అక్క

"అడ్డం తిరిగిన కథ" బావుంది గానీ పెట్టె పక్కన సన్నటి చోట పట్టదు. ఒక్క మాటలో ఉంటే మంచిది.

కాపీహక్కు

ఏ పేరైనా ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతికి చూసుకోండి, డబ్బు కట్టక్కర్లేదు. పేకముక్కలు 28వ తరగతి కింద వస్తాయి. నాటకం పేరే పెట్టుకుంటే తప్పు కాదు, కానీ అందరికీ తెలిసిన పేరు మీద ఒంటి హక్కు అడగడం కష్టం.

తాళపత్రం

నాటకం తెర లేచేది ఎక్కడ? విజయనగరంలో బొంకులదిబ్బ మీద. గిరీశం మొదటిసారి కనిపించేది అక్కడే. "బొంకులదిబ్బ" అని పెట్టండి. ఊరి పేరు కలుస్తుంది, చేతిలో లేని ముక్క ఉన్నట్టు నటించే ఆటకి కూడా అతుకుతుంది.

పదమూడుముక్కలు

మాస్టారూ!! ఇక వేరే పేరు చూడక్కర్లేదు.

రంగస్థలం

నా మూడు పేర్లూ వెనక్కి తీసుకుంటున్నాను.

అట్లాంటా_అక్క

విజయనగరం తెలియనివాళ్లకి అర్థం కాకపోయినా నోటికి బాగా పడుతుంది. కింద చిన్నగా "కన్యాశుల్కం పేక" అని ఉంటే చాలు.

కోటగుమ్మం

బొంకులదిబ్బ మీదుగా రోజూ తిరుగుతాను, నాకు తట్టలేదు చూడండి. ఖాయం. రిజిస్ట్రీలో వెతుకుతాను. ఆ పేరు ఇప్పటికే ఎవరైనా తీసుకుని ఉంటే మళ్లీ ఇక్కడికే వస్తాను.

అక్షరాలకి "గురజాడ" అనే పేరుతో ఉన్న ఉచిత ఫాంటు వాడి చూశాను. పెట్టె మీద పెద్ద సైజులో నిండుగా ఉంది. ముక్క అంచున పాత్ర పేరు వేసేటప్పుడు మాత్రం "రామప్పంతులు"లో పకార వత్తు కిందికి జారి గీతకి తగులుతోంది. "అగ్నిహోత్రావధానులు" సంగతి చెప్పనే అక్కర్లేదు, గ్నికీ త్రాకీ కింద చోటు చాలడం లేదు. ఆ పేర్లు చేత్తోనే రాసి, వత్తులు కొంచెం పక్కకి జరిపి స్కాన్ చేస్తాను.

సైజు బ్రిడ్జిదే. తమ్ముడు చెప్పినట్టు మూలల్లో అంకె, రంగు గుర్తు తప్ప ఇంకేమీ ఉండవు. మామూలు కాగితం మీద ఇంటి ప్రింటర్లో తీసి, కత్తిరించి, పాత పేకముక్కకి ముందు పెట్టి ప్లాస్టిక్ తొడుగుల్లో వేసుకుని ముందు ఆడి చూస్తాం. మా అమ్మ, పిన్ని కూర్చుంటామన్నారు. అద్దాలు లేకుండా పిన్ని కళావరునీ ఇస్పేటునీ వేరు చెయ్యగలిగితేనే ప్రెస్సుకి వెళ్తాను.

ప్రెస్సు గారూ, ఒక్కటి చెప్పండి. వెనకవైపు ముగ్గు చుట్టూ తెల్ల అంచు వదలాలా, ముక్క కొసదాకా రంగు నింపాలా?

ప్రెస్సు_పక్కవీధి

కొసదాకా నింపండి. తెల్ల అంచు ఉంటే కోతలో అర మిల్లీమీటరు జరిగినా ఒక పక్క లావు, ఒక పక్క సన్నం అని వెంటనే కనబడిపోతుంది. ముగ్గు గీతలు అంచుకి కనీసం మూడు మిల్లీమీటర్లు లోపలే ఆగాలి. నేపథ్యం రంగు మాత్రం కోత గీత దాటి ఇంకో మూడు మిల్లీమీటర్లు బయటికి పోవాలి. ఫైలు సిఎంవైకేలో, అంటే అచ్చుకి వాడే నాలుగు సిరాల పద్ధతిలో, పంపండి. స్క్రీను మీద మెరిసే ఎరుపు అచ్చులో కొంచెం మందగిస్తుంది, అందుకని ఆఠీనుకీ డైమన్‌కీ వాడే ఎరుపుతో ఒక ముక్క మాత్రం ముందుగా తీయించి చూసుకోండి, మిగతాది తర్వాత.